అకాల మృదుత్వం

నమూనా ఫారాల శాఖ అనేది ఒకటుందని దాంట్లో పనిచేసేవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. మిగతా శాఖలు జనానికిచ్చే దరఖాస్తు ఫారాల్లో చుక్కల గీతలు సరిపడా పొడవున్నాయా, 'ఇతర వివరాలు' అనే గడి మరిచిపోలేదు కదా అని చూసి, ముద్ర వేసి పంపడం దాని పని. కాకినాడలో ఆ శాఖ ప్రాంతీయ కార్యాలయానికి ఒక పాత మేడలో పై అంతస్తు ఇచ్చారు. సముద్రపు గాలికి అక్కడ డబ్బాలో ఉప్పు నీరైపోతుంది, అగ్గిపుల్ల వెలగదు, రబ్బరు స్టాంపు వేస్తే మర్నాటికి గాని ఆరదు. అలాంటి చోటికి ఒక సోమవారం ఉదయం పద్నాలుగుమంది ఉద్యోగులకి పద్నాలుగు సక్యులెంటు మొక్కలు వచ్చాయి.

ఒక్కొక్కటీ గుప్పెడంత. దళసరి ఆకులు గులాబీ రేకుల్లా ఒకదాని మీద ఒకటి పొదిగి, వేలితో నొక్కితే బిగువుగా ఉన్నాయి. ఎండ నేలల్లో పుట్టిన జాతి. ఆకుల్లోనే నీళ్ళు దాచుకుంటుంది కాబట్టి పదిహేను రోజులకోసారి తడిపితే దానికి చాలు. ఆ సంగతి మొక్కకి తెలుసు, నర్సరీవాడికి తెలుసు. కమిషనర్ గారికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

కమిషనర్ గారు అంతకు నెల ముందు ఏదో శిక్షణ తరగతికి వెళ్ళి, మొక్కని ప్రేమించినవాడే ఫైలుని ప్రేమించగలడని విని వచ్చారు. వచ్చిన మర్నాడే ఉత్తర్వు వెలువడింది.

"ప్రతి ఉద్యోగి తనకు కేటాయించబడిన రసభరిత మొక్కకు ప్రతి పనిదినము ఉదయము పదిన్నర గంటలలోపు రెండు వందల మిల్లీలీటర్ల నీరు పోయవలెను. పోయుచుండగా 'హరిత హాజరు' యాప్ నందు ఫొటో తీసుకొనవలెను. ఫొటోలో ఉద్యోగి ముఖము, మొక్క, జలధార, మూడును స్పష్టముగా కనబడవలెను. ఇదియే హాజరుగా పరిగణింపబడును. మూడింటిలో ఏ ఒక్కటి లోపించినను ఆ దినము సదరు ఉద్యోగి గైర్హాజరు."

సీనియర్ అసిస్టెంటు హైమవతి ఆ కాగితం రెండుసార్లు చదివింది. ఆవిడ ఏ కాగితమైనా రెండుసార్లే చదువుతుంది. మొదటిసారి ఏముందో చూడ్డానికి, రెండోసారి ఏం లేదో చూడ్డానికి. ఈసారి రెండో చదువులో ఆవిడకి చెమటలు పట్టాయి.

ఎందుకంటే హైమవతి భర్త సన్యాసిరావు పాలకొండలో హైస్కూలు మాస్టారు. ఆరేళ్ళుగా ఆయన అక్కడ, ఆవిడ ఇక్కడ. రెండు ఊళ్ళలో రెండు పొయ్యిలు, నెలకి రెండు ఆదివారాలు. భార్యాభర్తలని ఒకే ఊళ్ళో వెయ్యమని ఆరేళ్ళుగా పెడుతున్న అర్జీకి ఈ ఏడే జవాబొచ్చింది: వరసగా తొంభై పనిదినాలు ఒక్కరోజు కూడా తప్పకుండా హాజరైతే పాలకొండ బదిలీ. ఒక్కరోజు తప్పినా లెక్క మళ్ళీ ఒకటి నుంచి. ఆ తొంభైలో మొదటి రోజు ఈ సోమవారమే.

డిగ్రీలో వృక్షశాస్త్రం చదివిన హైమవతి తన కుండీని ఎత్తి అడుగు చూసింది. తెల్లటి ప్లాస్టిక్ కుండీ, శాఖ ముద్ర, నంబరు. చిల్లి లేదు. మిగతా పదమూడూ ఎత్తి చూసింది. వేటికీ లేదు. తిన్నగా ప్రాంతీయ అధికారి సర్వారాయుడి గదిలోకి వెళ్ళింది.

"సార్, కుండీలకి అడుగున చిల్లి లేదండి. రోజూ గ్లాసుడు నీళ్ళు పోస్తే బయటికి పోయే దారి లేక వేళ్ళు కుళ్ళిపోతాయి."

సర్వారాయుడు రిటైరవడానికి తొమ్మిది నెలలున్న మనిషి. మాట్లాడితే డ్రాఫ్టు చదువుతున్నట్టుంటుంది.

"రంధ్రరాహిత్యము లోపము కాదమ్మా, నిర్దేశము. రంధ్రమున్న యెడల నీరు ఫైళ్ళ మీదికి కారును."

"పోనీ నాదానికి నేనే పెట్టుకుంటానండి. కాల్చిన ఊచ ఉంటే చాలు."

"ప్రభుత్వ ఆస్తికి కాల్చిన ఊచా!" సర్వారాయుడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "దరఖాస్తు పెట్టుకొనుడు. పై కార్యాలయమునకు పంపెదను."

ఫారాల శాఖలో అన్నిటికీ ఫారం ఉంది గాని చిల్లికి లేదు. హైమవతి ఆ సాయంత్రం కూర్చుని తనే ఒకటి తయారు చేసింది. పన్నెండు గడులు, ఆఖరున 'ఇతర వివరాలు'. శాఖ చరిత్రలో అంత ముచ్చటైన ఫారం ఇంకోటి లేదని టైపిస్టు జోగారావు మెచ్చుకున్నాడు. ఫారం హెడ్డాఫీసుకి వెళ్ళింది.

మొదటి వారం ఆఫీసంతా పెళ్ళివారిల్లులా ఉంది. ఉదయం పదింపావయ్యేసరికి ఎవరి గ్లాసు వాళ్ళు పట్టుకుని, జుట్టు దువ్వుకుని, మొక్క పక్కన మొహం పెట్టి నీళ్ళు పోశారు. అటెండరు నూకరత్నానికి ఇదేమీ అర్థం కాలేదు గాని, మొక్కలు కనిపించినప్పుడల్లా "పాపం, దప్పికేత్తందేమో" అని తను కూడా ఓ చెంబుడు పోసేది. కౌంటరు దగ్గర నిలబడ్డ జనం కూడా ఊరుకునే రకం కాదు. సీసాలో మిగిలిన నీళ్ళు పారబొయ్యడానికి ప్రాణమొప్పక మొక్కలో పోసి వెళ్ళేవారు.

హైమవతి ఒక్కతే ఫొటో అవగానే కుండీని కిటికీలోంచి వంచి, మట్టి జారకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, నీళ్ళు వార్చేసేది. అన్నం వార్చినట్టు. తరవాత పాత గుడ్డతో పైమట్టి అద్దేది.

పద్నాలుగో రోజున జోగారావు మొక్క అడుగు ఆకులు గాజుముక్కల్లా తేలిపోయాయి. ముట్టుకుంటే ఊడి చేతికొచ్చాయి. పదహారో రోజున కాడ నల్లబడి, నడుం పడిపోయినట్టు పక్కకి వాలి, లోపల్నుంచి వాసన వేసింది. యాప్ తెరిస్తే ఎర్రక్షరాలు వచ్చాయి: "మొక్క గుర్తింపు విఫలం. ఉద్యోగి గైర్హాజరు."

"సార్, ఇదిగో, నేనిక్కడే ఉన్నానండి," అన్నాడు జోగారావు.

సర్వారాయుడు ఫోను చూశాడు, జోగారావుని చూశాడు, మళ్ళీ ఫోను చూశాడు. "జోగారావుగారూ, మీరు లేరు."

"లేకపోతే ఇంటికెళ్ళిపోనాండి?"

"వెళ్ళుటకు అనుమతి కావలెను. లేనివారికి అనుమతి ఇచ్చు నిబంధన లేదు."

కాబట్టి జోగారావు రోజంతా తన కుర్చీలో లేకుండా కూర్చున్నాడు. టైపు చెయ్యడానికి కాగితాలిస్తే ఉన్నట్టవుతుందని ఎవరూ ఇవ్వలేదు. పదకొండింటికి నూకరత్నం టీ పళ్ళెంతో వచ్చి అతన్ని దాటుకుని వెళ్ళిపోయింది.

"ఏం రత్నం, నాకేదీ?"

"లేని మడిసికి టీ ఎలా ఇస్తానండీ? రేపు మీ మొక్క లేచి కూచుంటే రెండు కప్పులిత్తాను లెండి."

మొక్క లేవలేదు సరికదా, వారం తిరిగేసరికి ఆఫీసులో తొమ్మిదిమంది లేరు. మిగతా ఊళ్ళలో ఇంకా ఘోరమని విన్నారు. ఒక ప్రాంతీయ కార్యాలయంలో ఉద్యోగులందరూ లేకపోగా, మొక్కలు లేవని రిపోర్టు రాయడానికి కూడా ఎవరూ లేరట. విషయం తీవ్రమని గ్రహించి కమిషనర్ గారు ముగ్గురు సభ్యుల నిపుణుల సంఘాన్ని పంపారు. ముగ్గురూ ఫారాలలో నిపుణులు.

సంఘం అధ్యక్షుడు మెత్తబడ్డ మొక్కని పెన్సిలుతో పొడిచి, "ఇది ఏమి స్థితి?" అని అడిగాడు.

"కుళ్ళండి," అంది హైమవతి. "నీళ్ళెక్కువయ్యాయి."

ముగ్గురూ ఆవిడ తిట్టినట్టు చూశారు. 'కుళ్ళు' అనే మాట కార్యాలయ పదకోశంలో లేదు. నీళ్ళెక్కువయ్యాయనడం అంతకంటే ప్రమాదం. నీళ్ళు ఉత్తర్వు ప్రకారం పోసినవి. నాలుగు గంటలు కూర్చుని వాళ్ళిచ్చిన నివేదికని సర్వారాయుడు నిలబడి చదివి వినిపించాడు:

"మొక్కలయందు కనబడిన స్థితిని 'అకాల మృదుత్వము' అని వ్యవహరించవలెను. ఉత్తర్వు ప్రకారము పోసిన నీరు ఎక్కువ కాజాలదు. కావున నీటి ఆధిక్యమను ప్రశ్న ఉత్పన్నము కాదు. పరిశీలించగా ఉద్యోగులు మొక్కలయెడ ఆప్యాయత కనబరచుట లేదని తేలినది. ఇకపై నీరు ఉదయము, సాయంత్రము రెండు పూటలా పోయవలెను. పోయునపుడు మొక్కతో ఒక మంచిమాట పలుకవలెను. సదరు మాటను యాప్ వినును. మృదుత్వమునకు లోనైన మొక్కలను విచారణ ముగియువరకు కవర్లలో భద్రపరచవలెను."

కవర్లు బీరువాలో పెట్టారు. మూడోరోజు నుంచి బీరువా పక్కన ఎవరూ కూర్చోలేదు.

కొత్త మొక్కలొచ్చాయి. మర్నాడు పదింపావుకి కౌంటరు దగ్గర నిలబడ్డ ఒక పెద్దాయన, లోపల్నుంచి "బంగారూ", "బుజ్జి తండ్రీ", "నా చిట్టి కదూ" అని మగగొంతులు ఒక్కసారిగా వినబడేసరికి దరఖాస్తు అక్కడే వదిలేసి మెట్లు దిగిపోయాడు.

రెండు పూటలా పోస్తుంటే కొత్తవీ మెత్తబడసాగాయి, ఇక వార్చడం, అద్దడం ఏ మూలకీ సరిపోలేదు. ఇరవై ఐదో రోజు సాయంత్రం హైమవతి తన మొక్క అడుగున వేలు పెట్టి నొక్కింది. ఆకు పండిన ద్రాక్షలా లొత్తపడింది.

ఆవిడ ఇంకేమీ ఆలోచించలేదు. కుండీ ఖాళీ చేసి మొక్కని సంచిలో పెట్టుకుని తన అద్దె గదికి తీసుకుపోయింది. బురదమట్టి దులిపితే వేళ్ళు తడిసిన దారప్పోగుల్లా ఊడిపోయాయి. కొత్త బ్లేడుని స్టవ్వు మంట మీద చూపించి చల్లార్చి, నల్లబడిన కాడని అడుగునుంచి బిళ్ళగా కోసింది. కోసిన చోట మధ్యలో గోధుమరంగు చుక్క. బ్లేడు తుడిచి, మళ్ళీ కాల్చి, ఇంకో బిళ్ళ. ఇంకా చుక్క. ఆ చుక్క ఆవగింజంత మిగిలినా రోగం మిగిలినట్టే. మూడో కోతకి లేతాకుపచ్చటి శుభ్రమైన కండ కనబడింది. కోతకి చిటికెడు పసుపు అద్ది, ఎండ తగలని గూట్లో పాత పేపరు మీద పడుకోబెట్టింది. కోసిన చోటు ఆరి పొరకట్టేదాకా, అంటే వారం రోజులు, దానికి నీటిచుక్క చూపించకూడదు.

మొక్క ఆరోగ్యానికి చెయ్యాల్సిందంతా చేశాక అప్పుడు గుర్తొచ్చింది, రేపు పదిన్నరకి దానికి నీళ్ళు పొయ్యాలి.

మర్నాడు హైమవతి రైతుబజారులో కూరలు కొని, ఓడిపోయిన మొహంతో ఆఫీసుకొచ్చింది. ఇరవై ఐదు రోజులు నీళ్ళపాలు. సంచి బల్ల మీద పెట్టి ఖాళీ కుండీ వంక చూస్తూ కూర్చుంది.

"అలా దిగాలుపడతారేంటండీ," అంటూ నూకరత్నం సంచిలోంచి బత్తాయంత క్యాబేజీ తీసి కుండీ మీద బోర్లించింది. "ఇదిగోండి మీ మొక్క! మంచిమాట సెప్పండి. రెండో పూట పెసరపప్పేసి వండుకుందురుగాని."

హైమవతికి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఫోనెత్తి, గ్లాసు వంచి, "బంగారుతల్లీ" అంది.

ఫోను పచ్చగా వెలిగింది. "హాజరు నమోదైంది. మొక్క ఆరోగ్యం: అత్యుత్తమం."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరికీ చెప్పొద్దని హైమవతి చేతిలో చెయ్యేయించుకుంది. నూకరత్నం ఆ మాటకి కట్టుబడి, భోజనాల వేళ వరకు ఎవరికీ చెప్పలేదు.

గురువారానికి ఆఫీసులో పద్నాలుగు క్యాబేజీలు. పెద్ద క్యాబేజీకి యాప్ ఒప్పుకోదు, మరీ చిన్నదైతే 'లేత దశ' అంటుంది. బత్తాయికి ఎక్కువ, కొబ్బరికాయకి తక్కువ ఉండాలి. ఒకసారి ఫొటో తీసిన క్యాబేజీ ఇంకొకరికి చెల్లదు, ఈనెలు గుర్తుపట్టేస్తుంది. ఇవన్నీ వారంలో తేలిపోయాయి. జోగారావు మళ్ళీ ఉనికిలోకి వచ్చి, రెండు కప్పుల టీ తాగాడు. ఒకరోజు అతనికి కాస్త పెద్దది దొరికితే, మొక్క ఒక్క రాత్రిలో నలభై శాతం ఎదిగిందని హెడ్డాఫీసు నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. ఆ తరవాత రైతుబజారులో ఉదయం ఆరింటికల్లా ఫారాల శాఖ వాళ్ళు దారంతో క్యాబేజీల చుట్టుకొలత తీస్తూ కనబడేవారు.

సాయంత్రం హాజరు పడగానే ఎవరి మొక్క వాళ్ళు సంచిలో వేసుకుని ఇంటికెళ్ళి వండుకునేవారు. క్యాబేజీ పప్పు, క్యాబేజీ వేపుడు, క్యాబేజీ పచ్చడి. ఆదివారం వచ్చిన సన్యాసిరావు కంచం ముందు కూర్చుని, "ఏటి హైమా, పొద్దుటా ఇదే, ఇప్పుడూ ఇదే. కాకినాడలో మరింకేటీ పండవేటి?" అన్నాడు.

"తినండి. ఇది నా హాజరు."

ఆయన ఇంకో ముద్ద తిన్నాడు. గూట్లో పేపరు మీదున్న మొక్క వంక చూసి, "అదేటి, ఎండిపోతంది పాపం, కాసిన్ని నీళ్ళు పొయ్యనా?" అని చెంబందుకున్నాడు. హైమవతి ఆయన చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది.

వారానికి కోత పొరకట్టింది. ఇసుక, చిన్న ఇటుకముక్కలు, బొగ్గునలుసులు కలిపి, కాల్చిన ఊచతో నాలుగు చిల్లులు పొడిచిన పెరుగుడబ్బాలో దాన్ని నిలబెట్టింది. నెలకి వేళ్ళు పట్టుకున్నాయి. రెండు నెలలకి కాడ పక్కనుంచి గోరంత పిలకలు రెండు వచ్చాయి.

ఈలోగా రాష్ట్రం మొత్తం మీద అకాల మృదుత్వం లేని కార్యాలయం కాకినాడ ఒక్కటేనని తేలింది. దాన్ని కళ్ళారా చూడ్డానికి కమిషనర్ గారే వస్తున్నారన్నారు. వచ్చే రోజు హైమవతి లెక్కలో సరిగ్గా తొంభయ్యోది.

ఆవిడకి క్యాబేజీతో ఎనభై తొమ్మిదో రోజు దాకా రావడమే మనసులో ముల్లులా ఉంది. ఆఖరి రోజైనా అసలు మొక్కతో హాజరవాలనుకుంది. ఇప్పుడది ఆరోగ్యంగా, బిగువుగా, అంచుల్లో గులాబీరంగు తిరిగి ఉంది. ఒక్కపూట నీళ్ళకి దానికేం కాదు, చిల్లులున్నాయి. ఆ ఉదయం క్యాబేజీ కొనకుండా పెరుగుడబ్బా పట్టుకుని వచ్చింది.

పదీ ఇరవైకి ఫోనెత్తింది. నీళ్ళు పోసింది. మంచిమాట చెప్పింది.

"మొక్క గుర్తింపు విఫలం."

వెలుతురులోకి జరిగి మళ్ళీ తీసింది. "ఇది మొక్క కాదు."

పదీ ఇరవైనాలుగు. "రత్నం! ఒక్క క్యాబేజీ ఉంటే ఇయ్యి, తొందరగా!"

"అయ్యబాబోయ్, ఉన్నయ్యన్నీ కమిషనర్ గారి పకోడీల కోసం తరిగేశానమ్మా!" నూకరత్నం చేతిలో కత్తిపీట అలాగే ఉంది. మిగతావాళ్ళవన్నీ ఫొటోలైపోయి, రిబ్బన్లు కట్టించుకుని వేదిక మీద వరసగా కూర్చున్నాయి. అవేవీ చెల్లవు. జోగారావు మెట్లు దిగి బజారుకి పరిగెత్తాడు గాని, వెళ్ళి రావడానికి పావుగంట.

పదీ ఇరవై ఏడు. హైమవతి కుర్చీలో కూలబడింది. పెరుగుడబ్బాలో మొక్క నిక్షేపంలా ఉంది. దానివల్లే ఆవిడ లేకుండా పోతోంది.

అప్పుడు సర్వారాయుడు తన గదిలోంచి కుండీ పట్టుకుని వచ్చాడు. పొద్దుట్నుంచీ పూలదండ భుజాన వేసుకుని గుమ్మం దగ్గర ఎదురుచూడ్డంతోనే సరిపోయి, ఆయన తన ఫొటో ఇంకా తీసుకోలేదు. కుండీలో నవనవలాడే క్యాబేజీ.

"కానివ్వండి," అన్నాడు.

"మరి మీకో, సార్?"

"నేనొక్కపూట లేకపోతే ఈ ఆఫీసు ఆగదమ్మా. ఉన్న ముప్ఫయ్యేళ్ళూ మాత్రం నావల్ల నడిచిందా?" ఆయన మొదటిసారి మనుషుల్లా మాట్లాడాడు. "తొందరగా పొయ్యండి. మంచిమాట మర్చిపోకండి."

హైమవతి గ్లాసు వంచింది. ఇన్నాళ్ళుగా చెప్పిన బంగారాలూ బుజ్జులూ ఒక్కటీ నోటికి రాలేదు.

"ఇంటికెళ్ళిపోదాం రా, తల్లీ," అంది.

ఫోను పచ్చగా వెలిగింది. పదీ ఇరవైతొమ్మిది.

కమిషనర్ గారు పదకొండింటికి వచ్చారు. యాప్ చూసి కనుబొమలు ముడిచారు. "ఈ కార్యాలయమునకు అధికారి లేరా?"

అందరూ పూలదండతో ఎదురుగా నిలబడ్డ సర్వారాయుడి వంక చూశారు.

"లేరండి," అన్నాడు సర్వారాయుడు.

కమిషనర్ గారు లేని మనిషి చేత దండ వేయించుకుని, సీనియర్ అసిస్టెంటుని ఆ పూటకి ఇన్‌ఛార్జిగా నియమించి, వేదిక ఎక్కారు. క్యాబేజీలని ఒక్కొక్కటే పరామర్శించారు. వేళ్ళతో తట్టారు. టణటణమన్నాయి. "చూచితిరా బిగువు! ఆప్యాయత యొక్క ఫలము!" అంటూ నాలుగో పకోడీ నోట్లో వేసుకున్నారు. "ఈ గోళాకార జాతినే రాష్ట్రమంతటికీ ప్రామాణిక మొక్కగా ప్రకటించుచున్నాను. అన్నట్లు, ఈ పకోడీ దేనితో చేసినది? బహు రుచిగా ఉన్నది."

నూకరత్నం తలొంచుకుని, "ఆప్యాయతతోనేనండి," అంది.

ఆయన చూపు కిటికీలో ఉన్న పెరుగుడబ్బా మీద పడింది. "అదేమి? ఆ కలుపుమొక్కను తక్షణము తొలగించుడు."

"తీసుకెళ్ళిపోతానండి," అంది హైమవతి. "నాతోపాటు."

పాలకొండ బదిలీ కాగితం మీద ఆయన అక్కడే సంతకం చేశారు. ఇన్‌ఛార్జి అధికారి హోదాలో హైమవతి కూడా ఆ పూట ఒకే ఒక్క సంతకం పెట్టింది. హెడ్డాఫీసు నుంచి 'ప్రాంతీయ స్థాయిలో పరిష్కరించుకొనవలెను' అని తిరిగొచ్చిన చిల్లి దరఖాస్తు మీద. వెళ్ళేరోజు ఒక పిలక తుంచి, కోత ఆరబెట్టి, చిల్లి పెట్టిన కుండీలో నాటి సర్వారాయుడి బల్ల మీద పెట్టింది.

"వేలు పెట్టి చూడండి సార్. లోపలిదాకా పొడిగా ఉంటేనే నీళ్ళు. పదిహేను రోజులకోసారి."

"ఉత్తర్వున్నదా?" అన్నాడాయన, నవ్వుతూ.

పాలకొండ కార్యాలయంలో ఆవిడ చేరిన వారానికి ప్రామాణిక మొక్కలు వచ్చాయి. ఈసారి శాఖే పంపింది, లారీలో, కుండీకొకటి చొప్పున. వేళ్ళు లేని క్యాబేజీలు నీళ్ళల్లో నానుతూ ఎన్నాళ్ళుంటాయో చూడ్డానికి నిపుణుల సంఘం ఇంకా రావాలి.

ఆదివారం ఉదయం హైమవతి వంటింట్లో దోసెలు పోస్తోంది. వెనక చప్పుడైతే తిరిగి చూసింది. సన్యాసిరావు నిండు చెంబు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. పెరుగుడబ్బా మీదికి వంగి, దాన్నీ ఆవిడనీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"ఏటి లేదు. ఆరేళ్ళకి ఇంటికొచ్చింది గదా," అన్నాడు. "వట్టి చేతుల్తో సూడ్డం బాగోలేదు."

హైమవతి అట్లకాడ పక్కన పెట్టి, చెంబు ఆయన చేతిలోంచి తీసుకుని, గటగటా తానే తాగేసింది.